ఎల్లమ్మోడ వరస

మా ఇంటి ముందుగదిలో దేవుడి పటాల వరసలోనే ఒక ఆవిరి ఓడ పటం కూడా ఉంటుంది. మా ఆయన పోయిన నెల్లాళ్ళకి, మా వెనక వీధిలో కాపురముండే సింధు పలకరించడానికి వచ్చింది. హైదరాబాదు అమ్మాయి. భర్తకి ఇక్కడ మలాయి దేశంలో, సుంగై పెటానిలో ఫ్యాక్టరీ ఇంజనీరు ఉద్యోగం. చావింటికి వచ్చి ఏం మాట్లాడాలో తెలియనివాళ్ళు చేసే పనే ఆ పిల్లా చేసింది, గోడల వంక చూసింది. వెంకటేశ్వరస్వామి, దుర్గమ్మ, మురుగన్, ఆ పక్కన పొగ వదులుతూ ఓడ. "ఆంటీ, ఈ ఓడ ఎవరిది?" అంది. "మా ఆయనకి ముత్తవ్వ అవుతుంది" అన్నాను. నేను వేళాకోళానికి అనలేదు. పెళ్ళయిన దగ్గర నుంచి మా ఇంట్లో దాన్ని అలాగే అంటాం. సింధు టీ కప్పు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మీకు సరిగ్గా నిద్ర పడుతోందా?" అని చాలా మెల్లగా అడిగింది.

నిజం చెప్పాలంటే ఆ పటంలో ఉన్నది అచ్చంగా ఆ ఓడ కూడా కాదు. పెనాంగులో పాత సామాన్ల కొట్టులో దొరికిన బొమ్మ. అదే మన ఓడ అని మా ఆయన చాలా ఏళ్ళు వచ్చినవాళ్ళందరికీ చూపించి, రిటైరయ్యాక ఒకరోజు, "అలాంటిదే ఇంకోటి అనుకుంటాను" అని నా ఒక్కదానితో ఒప్పుకున్నారు. అప్పటికే దానికి అన్ని దండలు వేశాం, తీసెయ్యడం బాగుండదని ఉంచేశాం.

సింధుకి ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఉంటే ఈ కథ ఆయనే చెప్పేవారు. ఓడకి మేకులు కొట్టిన దగ్గర మొదలుపెడితే మా పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ ఉండేవారు. నాకు ఓడ గురించి అంత తెలియదు. దానివల్ల మా పెళ్ళి ఎలా తప్పిపోబోయిందో మాత్రం బాగా తెలుసు.

మాది సుంగై సుమున్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటు. ఇప్పుడక్కడ పామాయిలు చెట్లే గాని మనుషులు లేరు. ఆ రోజుల్లో బారుగా చెక్క ఇళ్ళు ఉండేవి, లైన్లు అనేవాళ్ళం, ముందు సిమెంటు అరుగు, వెనక వంటపాక. కొబ్బరి ఆరబెట్టే కొట్టం నుంచి రోజంతా పొగ వచ్చేది. ఆ వాసన బట్టలకీ జుట్టుకీ పట్టేది, పెరుగన్నంలో కూడా తెలిసేది. బస్సెక్కితే పక్కవాళ్ళు మా మొహాలు చూడకుండానే మేం ఎక్కడివాళ్ళమో చెప్పేవారు. అమ్మా నాన్నా తెల్లారకుండా పనికి పోయేవారు కాబట్టి నన్ను పెంచింది నాన్నమ్మా తాతా. నేను ఒక్కతే పిల్లని, తోడబుట్టినవాళ్ళు లేరు. నాన్నమ్మ అడ్డచుట్ట తాగేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ చుట్ట నోట్లో ఉండగానే చేపలు కడిగేది, కోడలికి బుద్ధులు చెప్పేది, కాలువ అవతల పోతున్న మనిషిని కేకేసి క్షేమం అడిగేది. మాటలన్నీ ఒక పక్క పెదవి నుంచి వచ్చేవి. చుట్ట చేతిలోకి తీసుకుని మాట్లాడిందంటే మాత్రం ఇంట్లో అందరూ చేస్తున్న పని ఆపి వినేవారు. ఎస్టేటులో ఎవరికి ఎవరు ఏమవుతారో ఆమెనే అడగాలి. ఎక్కడో మొదలుపెట్టి, ఇద్దరి మేనత్తల మీదుగా తిరిగి వచ్చి, ఎదురుగా కూర్చున్న కొత్తమనిషిని అల్లుణ్ణి చేసేసేది. తాత ఆమెకి పూర్తిగా ఎదురు. అవసరమైన మాట కూడా రెండోసారి అడిగితేగాని చెప్పేవాడు కాదు. పొద్దున్నే నల్లకాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, అరుగు చివర కూర్చునేవాడు. ఆ చివర ఇంకెవరూ కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా ఎవరూ కూర్చునేవారు కాదు.

కొత్తమనిషి ఎవరొచ్చినా మా పెద్దవాళ్ళు మొదట అడిగేది ఊరు కాదు, ఇంటిపేరూ కాదు. "ఏ ఓడ?" అని అడిగేవారు. మా ఎస్టేటువాళ్ళ తాతలూ ముత్తాతలూ ఉత్తరాంధ్ర ఊళ్ళ నుంచి రైల్లో మద్రాసు వచ్చి, అక్కడ ఓడెక్కి పెనాంగులో దిగినవాళ్ళే. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒక్క కడుపున పుట్టినవాళ్ళతో సమానం. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎత్తకూడదు. ఒకే ప్రయాణంలో రానక్కర్లేదు, ఓడ ఒకటైతే చాలు. ఆ ఓడలు ఎన్నేళ్ళు అటూ ఇటూ తిరిగాయో ఆలోచిస్తే పేరాక్ రాష్ట్రంలో సగంమంది నాకు అన్నదమ్ములే కావాలి. చిన్నప్పుడు నాకది సంతోషంగానే ఉండేది. పండగలకి చాలామంది మిఠాయి పెట్టేవారు.

మాది ఎల్లమ్మోడ. మా ముత్తాత, చంకలో పసివాడుగా ఉన్న మా తాతతో దిగింది అందులోనే. ఎలినోర్ అని ఎవరో దొరసాని పేరట అసలు పేరు. మావాళ్ళు దాన్ని ఎల్లమ్మ చేసుకున్నారు, పలకడానికీ సులువు, మొక్కడానికీ వీలు. మా తాతకి ఆ ఓడంటే ఎంత గౌరవమో నాన్నమ్మకి అంత ఎగతాళి. "ఏటి మీ ఎల్లమ్మోడ? మీ యయ్య ఏదో దాన్ని సొంతంగా సేయించి తెచ్చినట్టు" అనేది. ఆమె పుట్టింటివారు వచ్చిన ఓడ పేరు ఆమెకే గుర్తులేదు. "మాదీ ఓడే. తేలింది, ఒచ్చింది. ఇంకేటి కావాల?" అనేది.

మా ఎస్టేటు తెలుగు బడికి ఉత్తరాన కెడా వైపు నుంచి ఒక కుర్ర పంతులు వచ్చారు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే తాత దగ్గర పెరిగారు. పెట్టెలో బట్టలకన్నా పుస్తకాలు ఎక్కువ. బడి సామాను సర్దడానికి సాయం వెళ్ళేదాన్ని కాబట్టి నాకు పుస్తకాలు ఇచ్చేవారు, అట్టలు నలగకుండా పాత పేపరు చుట్టి. తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా ఉందని అడిగి, నేను చెప్పడం మొదలుపెట్టగానే తనే చెప్పేవారు. నాతో మొదట మాట్లాడిందంతా ఓడల గురించే. పొగగొట్టాలు, తెరచాపలు, ఏ ఓడకి ఏ కంపెనీ. అవి ఆయన ప్రేమ మాటలని నేను చాలాకాలం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కూడా పొగగొట్టాల గురించే వినాల్సి వచ్చింది. ఏమైతేనేం, ఆ మనిషి తప్ప ఇంకొకరు వద్దని నాకు తెలిసిపోయింది. ఏడాది చివర బడి మూసేలోగా మాట ఖాయం కావాలి. ఆ తరవాత ఆయనకి కెడాకి బదిలీ, అక్కడి నుంచి మా ఎస్టేటుకి రావడానికి కారణం ఏమీ ఉండదు.

ఒక ఆదివారం వాళ్ళ తాత సన్యాసయ్య గారు మనవణ్ణి వెంటబెట్టుకుని మాట్లాడటానికి వచ్చారు. నాన్నమ్మ చాప వేసింది. అమ్మ డబ్బాపాలు పోసి కాఫీ పెట్టింది. నేను కిటికీ లోపలి పక్కన నిలబడ్డాను. మా తాత అడగాల్సింది అడిగాడు.

"ఏ ఓడ?"

"గోనెలోడ" అన్నాడు సన్యాసయ్య తాత. "బియ్యం గోనెల మీద తొంగొని ఒచ్చినాం. దిగీసరికి ఈపు నిండా గోనె అచ్చులే. మీదో?"

"ఎల్లమ్మోడ."

"మంచి ఓడని ఇన్నాను. మెట్లకి ఇత్తడి కమ్మీలంట గదా?"

"ఉండేవంట. మా యయ్య సెప్పీవోడు" అన్నాడు మా తాత. అది ఆయన లెక్కలో పెద్ద సంభాషణ.

రెండు వేరువేరు ఓడలు. అమ్మ నా వైపు చూసి కళ్ళతోనే ఖాయమైపోయిందన్నట్టు నవ్వింది. నాన్నమ్మ తమలపాకుల పళ్ళెం ముందుకు జరిపింది. ఆ సమయంలో మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"తాతగారూ, మీకో సంగతి తెలుసా? ఆ రెండూ ఒకే ఓడ."

నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. ఓడ గురించి మాట్లాడేటప్పుడు ఆయనకి మనుషులు కనపడరు. అప్పుడే కాదు, చివరిదాకా అంతే. "స్కాట్లండులో కట్టారు. ఆవిరి ఇంజను ఉన్నా దానిమీద నమ్మకం చాలక తెరచాపలు కూడా పెట్టారు. మొదట్లో ఉత్తరాలు మోసింది, దొరల్ని మోసింది. దొరసానులు వాయించుకోడానికి పియానో కూడా ఉండేది. ఆ తర్వాత యుద్ధానికి సిపాయిల్ని తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి మద్రాసుకి గుర్రాలు."

"గుర్రాలా?" అంది నాన్నమ్మ చుట్ట పక్క నుంచి. "మరి మనోల్నో?"

"గుర్రాల తర్వాత హజ్ యాత్రికులు. వాళ్ళ తర్వాత మనవాళ్ళు."

"గుర్రాల సోటు కడిగి ఎక్కించినారా, అలాగే ఎక్కించీసినారా?"

"కడిగినార్లే" అన్నాడు మా తాత, తన ఇంటి గడప గురించి అన్నట్టు.

"అది పాతబడ్డాక కంపెనీ దాన్ని పెనాంగు చీనా షావుకారుకి అమ్మేసింది. ఆయన రంగు మార్పించి, తన తండ్రి పేరు పెట్టుకున్నాడు. రంగూను బియ్యం వేశాడు, మనుషుల్ని వేశాడు, ఒకసారి సర్కసు ఏనుగుల్ని కూడా వేశాడంటారు. ఆ చీనా పేరు నోరు తిరక్క మనవాళ్ళు గోనెలోడ అన్నారు. కాబట్టి ఎల్లమ్మోడే గోనెలోడ!" అని మా ఆయన మోకాలు చరుచుకుని అందరి మొహాలూ చూశారు. అప్పటికి చూశారు.

సన్యాసయ్య తాత కళ్ళు మూసుకుని, "ఒరే, ఇంత సదివినావు. నోరు ఎప్పుడు ముయ్యాలో ఏ పుస్తకంలోనూ రాయలేదేట్రా?" అన్నాడు.

మా తాత పళ్ళెం వెనక్కి లాగాడు. ఆయన గొంతులో కోపం లేదు. "ఒక్క ఓడైతే ఒక్క కడుపు. అన్నాసెల్లెల్లకి పెల్లి సెయ్యం బాబూ. కాఫీ తాగి ఎల్లండి."

వాళ్ళు కాఫీ తాగి వెళ్ళారు. సన్యాసయ్య తాత చివరి బొట్టు దాకా తాగి, గ్లాసు బోర్లించి మరీ వెళ్ళాడు. మా ఆయన గ్లాసు అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆయన మా అరుగు దగ్గరికి వచ్చి, నేను పొరబడి ఉండొచ్చు తాతగారూ, అలాంటి పేరుతో ఇంకో ఓడ ఉండొచ్చు అన్నారు. మా తాత ఆయన్ని పైనుంచి కిందకి చూసి, "అబద్దమాడకు పంతులూ. నీకు రాదు" అన్నాడు. ఆ మాట నిజమే. తరవాత ఎన్నో ఏళ్ళు కాపురం చేశాను, ఒక్క అబద్ధమూ ఆయనకి అతకలేదు.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. తాత నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు, నేనూ ఆయనతో మాట్లాడలేదు. అప్పుడు మాట్లాడాను. "ఓడంటే ఇనుమూ చెక్కా తాతా. దానికి వరసేంటి?" అన్నాను. రెండోసారి అడిగాను. అప్పుడు చెప్పాడు. ఓడలో వాళ్ళమ్మకి జ్వరం వచ్చింది. నడిసముద్రంలో పోయింది. పసివాడు ఏడుస్తుంటే, గంగమ్మ అని ఎవరో, తన పిల్లాణ్ణి ఒక పక్క పెట్టుకుని ఇంకో పక్క ఈయనకి పాలిచ్చింది. పెనాంగు ఎదురుగా ఉన్న దీవిలో రోగాలు చూడటానికి అందర్నీ ఆపేసినప్పుడూ ఇచ్చింది, ఎస్టేటుకి వచ్చాకా ఇచ్చింది. "ఎక్కినప్పుడు మా యయ్యకి ఆ ఓడలో సుట్టాలు ఎవులూ లేరు. దిగీసరికి ఓడంతా సుట్టాలే. నీ పెల్లి కోసం ఆ వరస ఉత్తుత్తిదని ఇయ్యాల నాను అంటే, మరి గంగమ్మ నాకెవులు? నాకు పాలెందుకిచ్చినట్టు?" అన్నాడు. అంతవరకు నా ఎదురుగా ఉన్నది ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. దాన్ని కాదనడం సులువు. దీన్ని కాదనలేకపోయాను. ఆయన పెళ్ళి కుదరదన్నాడని కాదు, ఆయన చెప్పింది నాకూ సబబుగానే తోచిందని ఏడ్చాను.

నాన్నమ్మ ఈ గొడవంతా వింటూ ఏమీ అనలేదు. అది మామూలు విషయం కాదని నాకు అప్పుడే తెలియాల్సింది. బడి మూసే రోజులు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, వంటపాకలో కొబ్బరి తురుముతూ, కాలువగట్టున పోతున్న మా ఆయన్ని కేకేసింది.

"ఓ పంతులూ! ఇలా రా. ఏటలా ఎండిపోయినావు? కూకో. ఆ ఓడని అమ్మినారన్నావే, పాతోలికి మల్లీ దానితో ఏటైనా సమందం ఉందా?"

"లేదండి. అమ్మేశాక వాళ్ళకేం సంబంధం?"

"పేరు మార్చినారు?"

"మార్చారు. షావుకారు వంశం పేరు."

"రంగో?"

"తెల్ల ఓడ కదండి, నల్లరంగు వేశారు. పొగగొట్టానికి ఎర్రపట్టీ."

"ఎర్రపట్టీ" అంది నాన్నమ్మ. అని చుట్ట నోట్లోంచి తీసింది. నేను గిన్నె తోమడం ఆపేశాను. "ఆదివారం మీ తాతని ఎంటబెట్టుకొని రా. నువ్వు మాత్రం నోరు మెదపకు. ఒక్క మాట ఒచ్చిందంటే ఈ పెల్లి నాను సెయ్యను, ఇంకెవులూ సెయ్యలేరు."

ఆదివారం అందరూ మళ్ళీ అదే చాప మీద కూర్చున్నారు. మా ఆయన పెదవులు బిగించుకుని కూర్చున్న తీరు చూస్తే పంటినొప్పి అనుకోవచ్చు. నాన్నమ్మ చుట్ట చేతిలో పట్టుకుని మా తాతతో అంది. "ఓడ నీకు ఏటవుద్ది?"

"తల్లి."

"నీకు ఇద్దరు తల్లులున్నారు. కన్నామె సముద్రంలో ఉంది, గంగమ్మ పాలిచ్చింది. మూడో తల్లెందుకు? ఆలోసించు. మీ యయ్య దిక్కులేక ఒస్తంటే తోడొచ్చింది. తోడొచ్చినది తోడబుట్టు అవుద్ది. మీ యయ్యకి సెల్లెలు. నీకు మేనత్త."

తాత కాదనలేదు.

"మిమ్మల్ని దింపీసినాక దాన్ని ఏటి సేసినారు? ఇంకో ఇంటికి ఇచ్చీసినారు. కొత్త కోక కట్టినారు, ఎర్రగా బొట్టెట్టినారు, ఇంటిపేరు మార్చినారు. దాన్నేటంటారు మన్లో?"

"పెల్లంటారు" అన్నాడు సన్యాసయ్య తాత. ఆయన అంత త్వరగా అందుకుంటాడని మేమెవరం అనుకోలేదు.

"మరి పెల్లయ్యినాక ఆ ఇంట్లో అది మోసినోలు ఎవులు? దాని పిల్లలు. ఇదిగో, ఈ సన్నాసయ్య. నీ మేనత్త కొడుకు. నీకు బావ. బావ మనవడికి నీ మనవరాల్నిస్తే తప్పేటి? ఇయ్యకపోతే తప్పు. మేనరికం కాదని బయటోల్లకి ఇస్తావా?"

ఎస్టేటులో కొబ్బరి పొగ ఆగినట్టు అనిపించింది. గంగమ్మని తాత దగ్గర్నుంచి ఎవరూ తీసెయ్యలేదు, ఓడనీ తీసెయ్యలేదు. ఉన్న చుట్టరికానికి ఇంకొకటి కలిపారు, అంతే. కాని ఆయన ఒప్పుకోవడానికి ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది.

"మీ ఇంట్లో దాన్ని బాగా సూసుకున్నారా?" అని సన్యాసయ్య తాతని అడిగాడు.

మా ఆయన నోరు తెరవబోయి, నాన్నమ్మని చూసి మూసుకున్నారు. ఇంజను పీకేసి పెనాంగు రేవులో బొగ్గు కొట్టుగా వాడిన సంగతి చెప్పబోయారని తరవాత నాతో అన్నారు.

సన్యాసయ్య తాత అబద్ధం చెప్పలేదు. "గోనెలు మోయించినారు, బొగ్గు మోయించినారు. ముసిలిదైనాకా ఒగ్గలేదు. మరేటి సెయ్యమంటావు బావా, ఏ ఇంటికెల్లినా మోతే గదా" అన్నాడు.

ఆయన నోట బావా అన్న మాట పడింది. తాత తల ఎత్తాడు. "మా ఆడపిల్లని మోతకే వాడుకున్నారు. ఈ గుంటని అలాగ సెయ్యొద్దు బావా. సదువుకుంటానంటే సదివించండి" అన్నాడు. నాకు చదువుకోవాలని ఉందని ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. పళ్ళెం మళ్ళీ ముందుకి జరిగింది. నాన్నమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని, "ఇంక మాటాడొచ్చు పంతులూ" అంది. మా ఆయన అప్పటిదాకా ఆపుకున్నదంతా సర్కసు ఏనుగులతో మొదలుపెట్టారు.

పెళ్ళయిన కొత్తలో తాత మమ్మల్ని వెంటబెట్టుకుని పెనాంగు ఫెర్రీ ఎక్కాడు. మేనత్తకి పెళ్ళి కబురు చెప్పాలన్నాడు. ఓడ అప్పటికి ఎప్పుడో పోయింది. యుద్ధంలో మునిగిందని మా ఆయన ఒకసారి, ఇనుము కోసం కోసేశారని ఇంకోసారి అనేవారు. "ఎక్కడుండేది?" అని తాత అడిగితే రేవులో ఒకచోటు చూపించారు. కాసేపాగి ఇంకోచోటు చూపించారు. తాత రెండుచోట్లా అక్షింతలు వేశాడు. ఫెర్రీ మనిషి ఒక మలాయివాడు వచ్చి సముద్రంలో చెత్త వెయ్యకూడదని కోప్పడ్డాడు. తాత ఆయనకి కూడా నాలుగు గింజలు ఇచ్చాడు.

ఇచ్చిన మాట ప్రకారం నన్ను చదివించారు. ఇద్దరం ఇక్కడే సుంగై పెటానిలో పంతుళ్ళుగా పనిచేసి రిటైరయ్యాం. నాకు సవతి లేదనే లోటు మాత్రం ఆయన రానివ్వలేదు. సెలవు దొరికితే ఓడ, చేతిలో డబ్బు మిగిలితే ఓడ పుస్తకం. కూతురు పుట్టినప్పుడు ఎలినోర్ అని పెడదామన్నారు. నేను పుట్టింటికి పోతానన్నాను, మానేశారు.

ఇదంతా సింధుకి కొంత చెప్పి, "నువ్వు దేనిలో వచ్చావు?" అని అడిగాను. విమానం, నాలుగు గంటలు అంది. పక్కసీట్లో ఎవరు కూర్చున్నారని అడిగితే ఆలోచించింది. "ఎవరో అంకుల్. హెడ్‌ఫోన్స్ తియ్యలేదు ఆంటీ. నేనూ తియ్యలేదు" అంది. తప్పేమీ లేదు. నాలుగు గంటల్లో ఎవరికీ ఎవరితోనూ అవసరం పడదు. మా అమ్మాయి కౌలాలంపూర్‌లో ఉంటుంది. నేను తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని, తమిళంలో జవాబిచ్చి, చివర లా అని మలాయి తోక తగిలిస్తుంది. ఏ ఓడ అని ఇప్పుడు ఎవరూ అడగరు. మా ఎస్టేటు లైన్లు కూల్చేశాక అడిగేవాళ్ళు తలో ఊరూ చేరారు. నాకు అమ్మా నాన్నా పోయారు, అన్నదమ్ములు మొదటినుంచీ లేరు, కాబట్టి పుట్టిల్లు అనే మాట నా మటుకు అయిపోయిందనుకున్నాను.

ఆయన పోయిన పదకొండో రోజున అది అవసరమైంది. ఆ రోజు భర్తపోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. మా ఊరి పూజారి తమిళాయన. "పుట్టింటి చీర ఎవరు తెచ్చారు?" అని అడిగారు. మా అమ్మాయి నా మొహం చూసింది. ముందురోజే బజారులో ఒకటి కొని ఉంచమన్నాను, కొంది. ఎవరో ఒకరు కప్పేస్తే అయిపోతుందనుకున్నాను. పుస్తకాలు చదివిన దాన్ని, ఇలాంటివాటికి బాధపడనని నాకు నమ్మకం. కాని ఆ గదిలో అంతమంది ఉండి ఎవరూ లేవకపోతే, ఆ కాసేపు నాకు చాలా కష్టంగా గడిచింది.

"ఆగండాగండి" అని గుమ్మంలోంచి వినపడింది. సుంగై సుమున్ నుంచి అప్పన్న. గంగమ్మకి మునిమనవడు. చిన్నప్పుడు మా ఎస్టేటులోనే పెరిగాడు, పెళ్ళిళ్ళలో ఎప్పుడైనా కనపడేవాడు. చేతికర్ర, చంకలో ప్లాస్టిక్ సంచి, వెనక కారు నడిపి అలిసిపోయిన కొడుకు. "దారిలో జామ్. ఈ గుంటడు మెల్లగా తోలినాడు. నాను లేకుండా ఎలా మొదలెడతార్రా?" అన్నాడు.

పూజారి ఆయన ఎవరని అడిగారు. "పుట్టింటోన్ని" అన్నాడు అప్పన్న. ఇంటిపేరు ఏమిటని అడిగి, వేరుగా ఉందే అని మా బంధువొకాయన సందేహపడ్డాడు. "ఇంటిపేరుతో ఏటి పని? ఎల్లమ్మోడ. ఈ పిల్లకి అన్నని" అన్నాడు. పూజారికి అర్థంకాక మా అమ్మాయి వైపు తిరిగారు. ఎల్లమ్మోడ గురించి వాళ్ళ నాన్న చెబుతుంటే ఎప్పుడూ ఫోను చూసుకుంటూ కూర్చున్న పిల్ల. "కప్పల్ మామా" అంది. కప్పల్ అంటే తమిళంలో ఓడ. పూజారి అలాంటి మామలు అందరికీ ఉంటారన్నట్టు తల ఊపి, కానివ్వమన్నారు.

చీర ఊదారంగు, మీద పసుపు పువ్వులు. అలాంటిది నేను జన్మలో కొనను. అప్పన్న దాన్ని నా భుజాల చుట్టూ కప్పి, గోడమీద మా ఆయన ఫొటో వైపు చూశాడు. "బావ ఆ రోజు నోరు మూసుకొని ఉంటే ఇంత రగడ జరక్కపోవును. జరక్కపోతే నువ్వు నా సెల్లివని నాకు మాత్రం గురుతుండునా" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. నా పక్కన కూర్చుని ఆయనా ఏడ్చాడు. తరవాత భోజనానికి కూర్చుని చారులో ఉప్పు లేదన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మా మనవరాలి పెల్లి కుదిరింది. ఆడపడుసువి, ముందురోజే ఒచ్చీయాల" అన్నాడు. ఇంకా ఏడాది తిరగలేదు, నేను శుభకార్యానికి రాకూడదన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"అందరూ చెప్తారు అన్నా."

"ఆల్లు ఏ ఓడోల్లో. మా ఓడలో అలాటియ్యి లేవు" అన్నాడు.

ఎల్లమ్మోడవాళ్ళకి అలాంటి మినహాయింపు ఉన్నట్టు మా తాత నోట నేనెప్పుడూ వినలేదు. మా ఆయన ఉంటే పుస్తకాలు తిరగేసి చూసేవారు. నేను అప్పన్నని రెండోసారి అడగలేదు. వస్తానన్నాను.